నొక్కాడా, నొక్కలేదా

అలా బాదకు, అమ్మాయ్. తాళానికి నీ మీదేమీ పగ లేదు. ఏమిటీ? పొద్దున బాగానే తిరిగిందా? మరి ఎప్పుడు మొరాయిస్తోంది, ముందది చెప్పు. బయటినుంచి వచ్చినప్పుడా, లోపల్నుంచి వెళ్ళేటప్పుడా? చేతిలో సంచీ ఉన్నప్పుడా, ఖాళీగా ఉన్నప్పుడా? నవ్వుతావేం, తాతకి మతి పోయిందనా? ఇవి నా ప్రశ్నలు కావు తల్లీ, మా మామగారివి. మీ అమ్మమ్మ వాళ్ళ నాన్న, నీకు ముత్తాత. ఆయనైతే వీటన్నిటికీ జవాబులు రాబట్టేదాకా ఆ తాళం వంక కన్నెత్తి కూడా చూసేవారు కాదు. అలమరలో ఫొటో ఉంది చూడు, ఫొటో తీసేవాడి మీద కోపంగా ఉన్నట్టు ఒకాయన. ఆయనే. కోపంగా ఏం లేరప్పుడు, సంతోషంగానే ఉన్నారు. ఆయన మొహమే అంత. పెళ్ళిచూపుల్లో నన్ను కూడా అలాగే చూశారు, నాలో ఎక్కడో ఒక స్క్రూ వదులుగా ఉంది, అదేదో పట్టుకోవాలన్నట్టు. తర్వాత మీ అమ్మమ్మ అనేది, నిన్ను ఒప్పుకున్నారంటే మరమ్మతు చెయ్యొచ్చని నమ్మకం కుదిరి ఉంటుందిలే అని. ఆవిడ నోరు నీకు తెలుసుగా.

తుపాకుల మేస్త్రి ఆయన. ఊళ్ళో ఆయన పేరు ఎవరికీ తెలీదు, మేస్త్రి గారనే పిలుపు. ఒకవైపు టైలరు, ఇంకోవైపు సైకిల్ షాపు, మధ్యలో ఇరుగ్గా ఈయన కొట్టు. కిటికీ దగ్గర బల్ల, దానికి బిగించిన పట్టకారు, బల్ల మీద ఎప్పుడూ ఉతికిన తెల్లగుడ్డ. విప్పిన మర ఒక్కటి జారినా కనపడాలని ఆ తెల్లగుడ్డ. నేను కొత్తల్లుణ్ణి, ఉద్యోగం లేదు, ఏదో ఒకటి దొరికేదాకా కొట్లో కూర్చో అన్నారు. కూర్చున్నాను. మర్యాదకి అల్లుణ్ణి, పనికి గుమాస్తాని. అత్తగారు అన్నం పెట్టినప్పుడు అల్లుణ్ణి, మామగారు పిలిచినప్పుడు గుమాస్తాని, అలా గడిచింది. బ్యాంకులవాళ్ళు, పోలీసులు, లైసెన్సు ఉన్న పెద్దమనుషులు, అందరి తుపాకులూ ఆయన దగ్గరికే వచ్చేవి. ఆయన బాగుందంటే బాగున్నట్టు, పనికిరాదంటే పనికిరానట్టు. దానికి తిరుగులేదు. ముక్కు మీద కోపం, ఆ కోపానికి తోడు పని తెలుసన్న గర్వం. ఊరికే గొప్పలు చెప్పుకోవడం కాదు, ఆ మనిషికి నిజంగానే పని వచ్చు, తనకు వచ్చని తనకు తెలుసు. కళ్ళు మూసుకుని తుపాకీ చెవి దగ్గర పెట్టుకుని, ట్రిగ్గర్ మెల్లగా లాగి, లోపల ఏ స్ప్రింగు అలిసిపోయిందో చెప్పేవారు. పక్కన టైలరు కుట్టుమిషను తొక్కుతుంటే ఇక్కణ్ణుంచే అరిచేవారు, "ఏమయ్యా, సూది వంకరపోయింది, గుడ్డ పాడుచేస్తావ్" అని. ఆ టైలరు తిట్టుకుంటూ మిషను ఆపి చూసుకుంటే సూది నిజంగానే వంకర. ఏం చెవులమ్మా అవి! నాకు మాత్రం ఆ మిషను మోత తప్ప ఇంకేమీ వినపడేది కాదు.

ఎక్కడున్నాను? ఆఁ, బ్యాంకు గార్డు. చెప్పాల్సింది అసలు అతని గురించి. పొడుగ్గా, బక్కగా, తలుపు చెక్కలా నిటారుగా ఉండేవాడు. మిలిటరీలో చేసి వచ్చాడు. మాటలు తక్కువ, మర్యాద ఎక్కువ. బ్యాంకువాళ్ళు అతనికిచ్చింది పాతకాలం రివాల్వరు. తూటాలు పెట్టే గుండ్రటి సిలిండరు పక్కకి తెరుచుకునే రకం. సిలిండరంటే మళ్ళీ వంటింట్లోకి చూస్తావేం, ఇది అరచేతిలో పట్టేది. నడి మధ్యాహ్నం, బ్యాంకు గుమ్మం ముందు వ్యాను ఆగింది. క్యాషియరు సంచీతో దిగాడు. ఎక్కణ్ణుంచి వచ్చాడో ఒకడు, మొహానికి గుడ్డ కట్టుకుని, చేతిలో ఇంత కత్తి, క్యాషియరు భుజం మీద ఒక్కటేశాడు. సంచీ లాక్కున్నాడు. గార్డు రివాల్వరు తీశాడు, గురిపెట్టాడు. అంతే. పేలలేదు. వాడు గార్డు కళ్ళలోకి చూసి, వెనక్కి వెనక్కి నడిచి, సందులోకి దూరి మాయమైపోయాడు. చుట్టూ అంతమంది చూస్తుండగానే. గార్డు మాత్రం చాపిన చెయ్యి చాపినట్టే, బొమ్మలా నిలబడ్డాడు.

క్యాషియరు బతికాడులే, భుజానికి కుట్లు పడ్డాయి. కానీ ఆసుపత్రి మంచం మీంచి అతను చెప్పిన మాట ఊరంతా పాకింది. "తుపాకీ పట్టుకుని నిలబడ్డాడే గానీ కాల్చలేదండీ" అన్నాడు. అబద్ధం కాదు, అతను చూసింది అదే. గార్డేమో "నొక్కాను సార్, నొక్కితే రాలేదు" అన్నాడు. దాంతో రివాల్వరు ఎక్కడికి వచ్చింది? మన కొట్టుకే వచ్చింది. మామగారు చూశారు, విన్నారు, వెనక పెరట్లో ఇసుక బస్తాల్లోకి పేల్చారు. ధన్ ధన్ మని పేలింది. మళ్ళీ తూటాలు పెట్టి పేల్చారు, పేలింది. "కడిగిన ముత్యంలా ఉంది, ఆయుధంలో లోపం లేదు" అని బ్యాంకువాళ్ళకి చెప్పేశారు. ఇంకేముంది? తుపాకీలో లోపం లేకపోతే ఇక లోపం ఉండాల్సింది మనిషిలోనే కదా. గార్డుని ఇంటికి పంపేసి ఎంక్వైరీ పెట్టారు. ఊరు ఎంక్వైరీ దాకా ఆగుతుందా? వీధిలో పిల్లలు అతన్ని చూడగానే చెయ్యి చాపి, వేలు గురిపెట్టి, బిగుసుకుపోయినట్టు నిలబడేవాళ్ళు. అతని కూతుళ్ళు బడికెళ్ళడం మానేశారు. బొమ్మ తుపాకీ అని పేరు పెట్టారతనికి. మిలిటరీలో చేసినవాడికి అంతకన్నా ఏం కావాలి, తలకొట్టేసినట్టు కాదూ?

ఆ సమయంలో వచ్చిందమ్మా గార్డు పెళ్ళాం మన కొట్టుకి. ఏడుస్తూ వస్తుందనుకుంటాం కదా, ఏడుపు లేదు, గుమ్మంలో నిలబడి కుండబద్దలు కొట్టినట్టు అడిగింది. "మేస్త్రి గారంటే మీరేనా? తుపాకీ బాగుందని చెప్పింది మీరేనా?" అని. ఈయన తల కూడా ఎత్తలేదు. "తుపాకీ అబద్ధం చెప్పదమ్మా" అన్నారు, ఆకురాయి పట్టుకుని. ఆవిడ ఏమందో తెలుసా? "మా ఆయనా చెప్పడండీ. కాపురం చేస్తున్నదాన్ని, నాకు తెలీదా? ఇద్దరిలో ఎవరో ఒకరు చెప్తున్నారు. మీకు తుపాకీ సంగతి తెలుసు, నాకు మా ఆయన సంగతి తెలుసు. ఎవరిది అబద్ధమో తేల్చండి" అంది. అనేసి వెళ్ళిపోయింది. కూర్చోమన్నా కూర్చోలేదు. నేను గుడ్లప్పగించి చూస్తున్నా, ఇప్పుడీయన ఆకురాయి విసిరికొడతారేమోనని. విసరలేదు. ఆకురాయి బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, ఆ తుడుచుకున్న గుడ్డనే చూస్తూ కూర్చున్నారు. భోజనానికి పిలిస్తే వచ్చారు గానీ ముద్ద కలిపి కలిపి వదిలేశారు. అత్తగారు "ఉప్పెక్కువైందా?" అంటే కంచం పక్కకి జరిపారు. చివరికి నావైపు తిరిగి, "అతన్ని పిలుచుకురా" అన్నారు. అప్పటికి నేను ముద్ద నోట్లో పెట్టుకోబోతున్నా. తినేసి వెళ్తానంటే ఒప్పుకుంటారా, వెళ్ళాను.

గార్డు వచ్చాడు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు, ఆ కుర్చీ కూడా తనది కాదు కదా అన్నట్టు. మామగారు ఆ రోజు ఏం జరిగింది, వాడెటు పారిపోయాడు, ఇలాంటివేమీ అడగలేదు. ఒకటే ప్రశ్న. "నొక్కినప్పుడు టక్కుమని చప్పుడై పేలకుండా ఊరుకుందా, లేకపోతే అసలు ట్రిగ్గరే కదల్లేదా?" అన్నారు. అతను తడుముకోకుండా "రాయిలా ఉందండీ. కొంచెం వచ్చి ఆగిపోయింది" అన్నాడు. మామగారు నావైపు చూశారు. నాకేం అర్థమవుతుంది? అతను వెళ్ళాక చెప్పారు. భయపడి నొక్కనివాడు తర్వాత కథ అల్లితే టక్కుమంది, పేలలేదు అంటాడట. ఎందుకంటే తుపాకీ పేలకపోవడమంటే అందరికీ తెలిసింది అదే. కొంచెం వచ్చి రాయిలా ఆగిపోవడమనేది చేతికి తగిలితేనే గానీ నోటికి రాదట. అంటే అతను నొక్కాడు. ఆ ఒక్క మాటతో ఈయనకి నమ్మకం కుదిరింది. కానీ గుమ్మం దాటబోతూ గార్డు ఇంకో మాటన్నాడు చూడు, అది నేను మర్చిపోలేను. "నొక్కాననే అనుకుంటున్నానండీ. మొదట్లో గట్టిగా తెలుసు. అందరూ నొక్కలేదు, నొక్కలేదు అంటుంటే, ఇప్పుడు నాకూ… రోజూ పడుకుని ఆ వేలు కదిలిందా లేదా అని చూసుకుంటుంటా. ఒక్కోసారి కదలనట్టే ఉంటుంది" అన్నాడు. ఆ మనిషి ఉద్యోగం ఒక్కటే కాదు, తన వేలి మీద తన నమ్మకం కూడా పోగొట్టుకుంటున్నాడు.

ఇక చూడు మామగారి అవస్థ. బ్యాంకు మేనేజరుతో తన పూచీ మీద రివాల్వరు మళ్ళీ తెచ్చుకున్నారు. ఎండలో పెట్టారు, చన్నీళ్ళలో ముంచారు, రోడ్డు మీది దుమ్ము తెచ్చి చల్లారు. కింద పడేశారు కూడా, తుపాకీని పడేస్తే మనుషుల్ని పడేసే మనిషి! ఏం చేసినా అది మాత్రం చక్కగా, పద్ధతిగల పిల్లలా పనిచేస్తూనే ఉంది. ఈయనకి తలప్రాణం తోకకి వచ్చింది. "ఇదెవరి దగ్గర మొరాయించాలో వాళ్ళ దగ్గరే మొరాయిస్తోంది" అని తిట్టుకున్నారు. ఆ తిట్టు నోట్లోంచి వచ్చాక ఆగిపోయారు. "నేను ఇన్నాళ్ళూ తుపాకీనే చూస్తున్నా, దాన్ని మోసినవాణ్ణి చూడలేదు" అన్నారు. మళ్ళీ నాకే డ్యూటీ, గార్డుని పిలుచుకురా.

ఈసారి గార్డుని బల్ల ముందు కూర్చోబెట్టి, రివాల్వరు ఖాళీ చేసి చేతికిచ్చి, "పొద్దున తీసుకున్న దగ్గర్నుంచి సాయంత్రం అప్పగించేదాకా దీన్ని నువ్వేం చేస్తావో అదంతా చెయ్యి" అన్నారు. అతను చేశాడు. నడుముకి పెట్టుకున్నాడు, కొట్లో అటూ ఇటూ నడిచాడు, వ్యాను ఎక్కినట్టు స్టూలు ఎక్కాడు. నాకు నవ్వాగలేదు, మామగారు ఒక్క చూపు చూసేసరికి ఆగింది. ఆఖర్న, సాయంత్రం స్ట్రాంగు రూములో అప్పగించే ముందు తుడిచి ఇవ్వడం అలవాటట. ఎవరూ చెప్పలేదు, రూలూ లేదు. మిలిటరీలో నేర్పిన ఉస్తాదు, ముందు పైన తుడువు, తర్వాత తెరిచి లోపల తుడువు, మురికి ఆయుధం ఇంకొకరి చేతికివ్వకు అన్నాడట. ఆ మాట ఇతను ఒంటబట్టించుకున్నాడు. గుడ్డ తీసుకుని తుడుస్తున్నాడు. గొట్టం తుడిచాడు, పిడి తుడిచాడు, గొట్టం కింద సన్నటి కడ్డీ ఉంటుంది, కాల్చిన తూటాలు బయటికి నెట్టేది, దాన్నీ తుడిచాడు. మామగారు ఉన్నట్టుండి "ఆగు!" అని అరిచారు. టైలరు మిషను కూడా ఆగిపోయింది. "ఇప్పుడేం చేశావ్?" "తుడిచానండీ." "తుడిచాక ఏం చేశావ్?" "ఏం చెయ్యలేదండీ." "మళ్ళీ తుడువు." తుడిచాడు. ఏమీ జరగలేదు. "కాదయ్యా, ఇందాక చేసినట్టు చెయ్యి!" "ఇందాకా ఇదే చేశానండీ." పాపం, ఎంత ప్రయత్నించినా రావట్లేదు. అతనికే తెలీదు తను చేసింది. మామగారు జుట్టు పీక్కుంటారనుకున్నా. అలా కాదు, మెత్తబడిపోయారు. ఆ మనిషి అంత మెత్తగా మాట్లాడడం అప్పుడే చూశాను. "సరేలే, వదిలెయ్. నీకు ఆడపిల్లలటగా? పెద్దది ఏం చదువుతోంది?" అన్నారు. అతను చెప్పడం మొదలెట్టాడు. పెద్దదానికి లెక్కలొస్తాయి, చిన్నదానికి మాటలొస్తాయి, అది నాలా కాదు వాళ్ళమ్మలా అంటూ, చేతులు మాత్రం ఆ గుడ్డతో పని చేసుకుంటూనే ఉన్నాయి. అప్పుడు చూశానమ్మా నేను కూడా. కడ్డీ తుడిచి, గుడ్డ తియ్యబోతూ, బొటనవేలూ చూపుడువేలూ ఆ కడ్డీని చిన్నగా ఒక మెలిక తిప్పాయి. కుళాయి కట్టేస్తామే, చివర్లో బొట్టు కారకుండా ఇంకాస్త బిగిస్తామే, అలా. కనురెప్పపాటు. మామగారు చెయ్యి చాపి అతని మణికట్టు పట్టుకున్నారు.

ఆ కడ్డీ మరతో బిగించి ఉంటుంది. తర్వాత వచ్చిన రివాల్వర్లలో మర తిరిగే వైపు మార్చేశారట, ఈ పాతదానిలో అది ఉండీ ఉండీ వదులవుతుంది. దీనికి తోడు మర అరిగిపోయింది. వ్యాను కుదుపులకీ నడుం మీద ఒరుసుకోవడానికీ కొద్దికొద్దిగా విప్పుకుని ముందుకు జరుగుతుంది. బాగా జరిగిందా, ముందున్న గూటికి ఒత్తుకుని సిలిండరు బిగుసుకుపోతుంది. సిలిండరు తిరక్కపోతే ట్రిగ్గరు రాదు. అంతే సంగతి. అంటే ఏమైంది? ఆ రివాల్వరు రోజూ వదులవుతోంది, ఈ మహానుభావుడు రోజూ సాయంత్రం తుడిచేటప్పుడు తెలీకుండా బిగిస్తున్నాడు. ఏళ్ళ తరబడి! తన తుపాకీకి జబ్బుందనీ తెలీదు, దానికి తనే మందేస్తున్నాననీ తెలీదు. మామగారు అడిగారు, "ఆ దొంగతనానికి ముందు రోజు తుడిచావా?" అని. అతను ఆలోచించాడు. చిన్నదానికి జ్వరం, ఒళ్ళు కాలిపోతోందని కబురొస్తే తుడవకుండానే అప్పగించి పరిగెత్తాడు. మర్నాడు మళ్ళీ వ్యాను. "మరి అది బిగుసుకున్నాక ఏం చేశావ్?" ఏం చేశాడంటే, దొంగ పోయాడు, క్యాషియరుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు, మేనేజరు కేకలేస్తున్నాడు, పోలీసులు వచ్చి ఆయుధం తీసుకుంటారన్నారు. మురికి ఆయుధం ఇంకొకరి చేతికివ్వకూడదు కదా. ఇతను స్టూలు మీద కూర్చుని, దాన్ని శుభ్రంగా తుడిచి ఇచ్చాడు. తన నిజాన్ని తనే తుడిచేసుకున్నాడు, తల్లీ! ఎవరైనా చేస్తారా ఆ పని? ఇంకెవడైనా అయితే విసిరికొట్టి ఉండేవాడు, దానికి ఆ జబ్బు అలాగే ఉండేది, మా మామగారికి మొదటి చూపులోనే దొరికేది.

మామగారు ఆ కడ్డీని వేళ్ళతో కాస్త విప్పి, ఖాళీ రివాల్వరు అతని చేతిలో పెట్టి, గోడ వైపు చూపించి "నొక్కు" అన్నారు. అతను నొక్కాడు. కొంచెం వచ్చి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. "ఇదే, మేస్త్రి గారూ. ఇదే" అన్నాడు. నేనైతే అక్కడికి అయిపోయిందనుకుని టీ తెప్పిద్దామా అన్నాను. మామగారు కసిరారు. "చేత్తో విప్పితే ఎవడైనా బిగిస్తాడు. దానంతటది విప్పుకోవాలి. అప్పుడు గానీ నేను వెళ్ళి చెప్పను" అన్నారు. అని ఏం చేశారో తెలుసా, మేనేజరుని ఒప్పించి ఆ ఖాళీ రివాల్వరు తన నడుముకి కట్టుకుని, నూనె మరకల చొక్కాతోనే బ్యాంకు వ్యానులో ఎక్కి కూర్చున్నారు! ఆ వయసులో! ఊరంతా తిరిగారు. కొత్తగా వచ్చిన గార్డు పక్కన ఈయన, మొహం మాడ్చుకుని, ప్రతి గుంటకీ ఎగిరిపడుతూ. చూసినవాళ్ళు మేస్త్రి గారికి బ్యాంకులో ఉద్యోగమొచ్చిందా అని నన్నడిగారు. అత్తగారు తల పట్టుకుంది. సాయంత్రం తుడవలేదు, మర్నాడు మళ్ళీ ఎక్కారు. తిరిగొచ్చి, నడుం పట్టేసి కూర్చోలేక నిలబడే, కొట్లో నా ఎదుటే గోడకి గురిపెట్టి నొక్కారు. రాలేదు. రాయి. ఆయన దాన్ని తెల్లగుడ్డ మీద పెట్టారు. "అల్లుడూ, ఇది అబద్ధం చెప్పదన్నాను. చెప్పింది. నా నోటితోనే చెప్పించింది" అన్నారు. నన్ను అల్లుడూ అని పిలవడం అరుదు, తెలుసా.

ఎంక్వైరీ రోజు మేమందరం వెళ్ళాం. పెద్ద గది, పొడుగాటి బల్ల, ఆ చివర ఎంక్వైరీ ఆఫీసరు. మంచాయన, చెడ్డవాడని చెప్పను, ఓపిగ్గా విన్నాడు. క్యాషియరు భుజానికి కట్టుతో వచ్చాడు. గార్డూ పెళ్ళామూ గోడ పక్కన నిలబడ్డారు. మామగారు అంతా చెప్పి, ఎలా బిగుసుకుంటుందో చూపించారు. ఆఫీసరు తనే రివాల్వరు తీసుకుని నొక్కి చూశాడు. రెండు చేతుల్తోనూ నొక్కాడు. కదల్లేదు. అప్పుడాయన అడగాల్సిందే అడిగాడు. "మేస్త్రి గారూ, ఇంతకుముందు లోపం లేదని చెప్పింది కూడా మీరే. ఇప్పుడు ఉందంటున్నారు. మీ రెండు మాటల్లో దేన్ని నమ్మాలి?" అన్నాడు. నేను మామగారి వైపే చూశాను. ఎందుకంటే ఆ ప్రశ్నకి తప్పించుకునే జవాబు ఉంది. అప్పుడు లోపం లేదు, తర్వాత వచ్చింది అంటే సరి, ఎవరికీ నొప్పి ఉండదు. ఈయన పేరూ నిలబడుతుంది. మామగారు నీళ్ళు నమల్లేదు. లేచి నిలబడి, "మొదటి మాట తప్పండీ. తుపాకీ ఒక్కదాన్ని చూసి చెప్పాను. దాన్ని మోసిన మనిషిని అడక్కుండా చెప్పాను. నా మాట వల్ల ఈయన్ని ఊరంతా పిరికివాడంది. ఈయన నొక్కాడు. నా పనిలో ఇంత పెద్ద తప్పు ఇంతకుముందు చెయ్యలేదు, చేశానని అందరి ముందూ చెప్తున్నా, రాసుకోండి" అన్నారు. ఆయన జీవితమంతా కట్టుకున్నది ఆ ఒక్క మాట మీదే కదమ్మా, మేస్త్రి గారు బాగుందంటే బాగున్నట్టు అని. ఆ మాటని తన చేత్తోనే పగలగొట్టి ఆ బల్ల మీద పెట్టారు. గొంతు కూడా తగ్గించలేదు. నేను చాలామంది పెద్దవాళ్ళని చూశాను, గొప్పవాళ్ళనీ చూశాను. అలాంటి మనిషిని మళ్ళీ చూళ్ళేదు. క్యాషియరు కుర్చీలోంచి లేచి, గార్డు దగ్గరికెళ్ళి, బాగున్న చేత్తో అతని చెయ్యి పట్టుకున్నాడు. గార్డు పెళ్ళాం అప్పుడు ఏడ్చింది. అంతదాకా ఒక్క చుక్క రాని మనిషి.

బయటికొచ్చాం. మెట్లున్నాయి, ఎండ. గార్డు మెట్ల మీదే ఆగిపోయాడు. "అన్నా" అన్నాడు మామగారిని. అంతకుముందు మేస్త్రి గారూ అనేవాడు. "అన్నా, నేను నొక్కాను." "నొక్కావు." "నిజంగా నొక్కాను." "నొక్కావయ్యా, అంతమంది ముందు తేలలేదూ?" అన్నారు ఈయన. అతను నవ్వాడు. నవ్వితే ఎలా ఉంటాడో నాకు అప్పుడే తెలిసింది, చిన్నపిల్లాడిలా ఉన్నాడు. వేలు మడిచి చూసుకుంటున్నాడు, నొక్కాను, నొక్కాను అంటూ. మేమూ నవ్వాం. ఇంతలో ఆ నవ్వు అలాగే ఆగిపోయింది. మెట్టు మీద కూలబడ్డాడు. "అన్నా, నేను గురిపెట్టినప్పుడు ఆ దొంగ మొహానికి కట్టుకున్న గుడ్డ జారిపోయింది. ఇన్నాళ్ళూ ఆ మొహం నాకు గుర్తే రాలేదన్నా, ఇప్పుడొస్తోంది. మీసం కూడా సరిగ్గా రాలేదు వాడికి. అది బిగుసుకోకపోతే, అన్నా… నేను నొక్కాను కదా" అన్నాడు.

మా మామగారు దేనికైనా ఏదో ఒకటి అనేవారు, ఏమీ లేకపోతే కసిరేవారు. ఆ రోజు మాత్రం, నడుం నొప్పి మనిషి, గోడ పట్టుకుని మెల్లగా వంగి, ఆ మెట్టు మీదే అతని పక్కన కూర్చున్నారు. భుజం మీద చెయ్యి వేశారు. పైకెళ్ళే ఆఫీసర్లు, కిందికొచ్చే గుమాస్తాలు, అందరూ వాళ్ళిద్దర్నీ చుట్టుకుని పోతున్నారు. ఒక్కళ్ళు కూడా లేవమనలేదు. అలా ఎంతసేపు కూర్చున్నారో…

ఊఁ? తర్వాతేముంది. ఏమీ లేదు. మీ నాన్న ఇంకా రాలేదా?